ఇసుకలో దాగిన కొండ

కోనసీమలో కొండ లేదు. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, వైనతేయ చీల్చుకుంటూ పోయిన ఈ నేలంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. కొత్తపేట నుంచి అమలాపురం దాకా, అమలాపురం నుంచి రాజోలు దాకా సైకిలు మీద వెళ్ళేవారికి వంతెనల ఎగువదిగువలు తప్ప ఎక్కవలసిన ఎత్తు ఏదీ ఎదురుకాదు. అందువల్ల ఇక్కడ సైకిలు దారి ఎంచుకోవడం గురించి మాట్లాడితే, ఎంచుకోవడానికి ఏముందని చాలామంది అనుకుంటారు. రోజూ తొక్కే భర్తా పదేళ్ళ తర్వాత మళ్ళీ హ్యాండిల్ పట్టుకున్న భార్యా, లేదా స్కూలు రోజుల నుంచీ సైకిలు వదలని భార్యా మోటారు సైకిలుకు అలవాటుపడిన భర్తా, ఎవరైనా సరే చదునైన నేల మీద కలిసి వెళ్ళిపోవచ్చని ఒక నమ్మకం. ఈ నమ్మకం సగమే నిజం. ఇద్దరు అసమానులు కలిసి తొక్కేటప్పుడు దారి ఎంత కష్టంగా ఉందన్నదాని కన్నా ఆ దారి వాళ్ళిద్దరి మధ్య తేడాను ఎంత పెంచుతుందన్నది ముఖ్యం. ఈ రెండూ ఒకటే కావు. కోనసీమలో తేడాను పెంచే నేలా ఉంది, కుదించే నేలా ఉంది. కొన్నిచోట్ల అవి ఒకదాని పక్కనే ఒకటి ఉంటాయి.

కొండ సైకిలు ఆటకు పేరుపొందిన ఎడారి ప్రాంతాల్లో దారులకు గుర్తులు పెడతారు. మంచు కొండల మీద జారే ఆట నుంచి అరువు తెచ్చుకున్న గుర్తులవి: పచ్చని వృత్తం తేలిక, నీలి చదరం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం. బాట వెడల్పు, నేల తీరు, సగటు వాలు, గరిష్ఠ వాలు, దారిలోని అడ్డంకులు చూసి ఈ గుర్తు నిర్ణయిస్తారు. మంచి పద్ధతే. అయితే అది ఒక మనిషికి ఆ దారి ఎలా ఉంటుందో మాత్రమే చెబుతుంది. అదే దారిలో ఇద్దరు వెళితే వాళ్ళు పక్కపక్కన ఉంటారా, ఒకరు అరగంట ముందు గమ్యం చేరి చెట్టు కింద కూర్చుంటారా అన్నది ఆ గుర్తులో లేదు. జంటకు కావలసిన కొలత ఈ రెండోదే. దాన్ని కనిపెట్టడం పెద్ద విద్యేమీ కాదు, పదో తరగతి భౌతికశాస్త్రంతో వచ్చేస్తుంది.

సైకిలును ముందుకు పోనివ్వకుండా పట్టి ఉంచేవి ప్రధానంగా మూడు: నేల మీద చక్రం దొర్లేటప్పుడు కలిగే ఘర్షణ, గాలి, ఎత్తు. దొర్లుడు ఘర్షణ బరువును బట్టి ఉంటుంది, వేగంతో పెద్దగా మారదు. ఎత్తు ఎక్కడానికి కావలసిన బలమూ అంతే. గాలి అలా కాదు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది, దాన్ని తోసుకుంటూ పోవడానికి కాళ్ళు పెట్టాల్సిన సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది. గాలి ఆపే చోట బలవంతుడు అదనంగా పెట్టిన శ్రమలో చాలా భాగం గాలిలోనే కలిసిపోతుంది, వేగంగా మారేది కొద్దిగానే. నేల ఆపే చోట, ఎత్తు ఆపే చోట పెట్టిన శ్రమంతా నేరుగా వేగమవుతుంది. కాబట్టి గాలి తేడాను కుదిస్తుంది, నేలా ఎత్తూ తేడాను ఉన్నదున్నట్టు బయటపెడతాయి.

లెక్క వేసి చూద్దాం. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకుందాం. ఒకరు పెడలు మీద 60 వాట్లు, మరొకరు 90 వాట్లు నిలకడగా పెట్టగలరు. అంటే రెండోవారి సత్తువ మొదటివారికి ఒకటిన్నర రెట్లు. గట్టి తారురోడ్డు మీద, గాలి లేనప్పుడు, నిటారుగా కూర్చుని తొక్కే మామూలు సైకిలుతో మొదటివారు గంటకు దాదాపు పదహారున్నర కిలోమీటర్లు, రెండోవారు దాదాపు 20 కిలోమీటర్లు వెళతారు. పది కిలోమీటర్ల తర్వాత ఇద్దరి మధ్య తేడా ఆరు నిమిషాలు. సత్తువలో సగం ఎక్కువున్నా వేగంలో ఐదో వంతే ఎక్కువ. ఇప్పుడు అదే ఇద్దరినీ ఇసుక పుంతలోకి దింపండి. గట్టి రోడ్డు మీద చక్రం దొర్లడానికి బరువులో నూటికి ఒకటి కూడా కాని బలం చాలు. వదులు ఇసుకలో చక్రం దిగబడుతుంది, ముందున్న ఇసుకను తోస్తూ, నొక్కుతూ, తన గుంటలోంచి తానే ఎక్కుతూ పోవాలి. అక్కడ బరువులో ఇరవయ్యో వంతు బలం కావలసి రావడం మామూలే. ఆ లెక్కన మొదటివారు గంటకు ఐదున్నర, రెండోవారు ఎనిమిది కిలోమీటర్ల దగ్గర ఆగిపోతారు. పది కిలోమీటర్లకు తేడా అరగంట దాటుతుంది.

బరువులో ఇరవయ్యో వంతు బలం అడిగే ఇసుక, ఇరవై మీటర్లకు ఒక మీటరు లేచే కొండదారి కాళ్ళకు ఒక్కటే. ఇది పోలిక కోసం చెప్పిన మాట కాదు, సమీకరణంలో రెండూ ఒకే స్థానంలో కూర్చుంటాయి. కొండకూ ఇసుకకూ తేడా ఒక్కటే, కొండ ఎక్కినవారికి దిగేటప్పుడు ఆ శ్రమ తిరిగి వస్తుంది, ఇసుకలో పెట్టింది తిరిగి రాదు. కోనసీమ చదును అన్న మాటను అందుకే సరిచూసుకోవాలి. సఖినేటిపల్లి, మలికిపురం, మామిడికుదురు, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల ఇసుక పుంతల్లో పటం మీద కనిపించని ఎత్తులున్నాయి.

ఆ ఇసుక ఎక్కడుంటుందో ముందే ఊహించవచ్చు. గోదావరి మట్టి తెచ్చి పోస్తూ సముద్రాన్ని వెనక్కి నెట్టిన కొద్దీ తీరం ముందుకు జరిగింది. ఒకనాటి తీరంలో అలలు పోగుచేసిన ఇసుక దిబ్బలు లోపలికి మిగిలిపోయాయి. తీరానికి దాదాపు సమాంతరంగా వరుసలు వరుసలుగా సాగే ఈ పాత దిబ్బలను భూగర్భ శాస్త్రవేత్తలు గోదావరి డెల్టాలో గుర్తించి పటాలు గీశారు. ఊళ్ళవాళ్ళకు ఆ పటాలు అక్కర్లేదు. మెరక మీద ఇళ్ళూ కొబ్బరీ, పల్లంలో వరీ అన్నది తరతరాలుగా తెలిసిన సంగతే, తీరానికి దగ్గరైన కొద్దీ ఆ మెరకలు చాలావరకు పాత ఇసుక దిబ్బలే. సైకిలుకు దీని అర్థం ఏమిటంటే, తీరానికి సమాంతరంగా ఒక మెరక వెంట పోయే మట్టి పుంత పట్టుకుంటే ఆ ఇసుక ఎంతసేపటికీ వదలదు. తీరానికి అడ్డంగా, ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే పుంత మెరకనూ పల్లాన్నీ మార్చి మార్చి దాటుతుంది. ఇసుక వస్తుంది గానీ కాసేపట్లో గట్టి మట్టి కూడా వస్తుంది. ఇద్దరూ మళ్ళీ కలుసుకోవడానికి ఆ గట్టి మట్టి అవసరం. వానాకాలంలో మాత్రం ఈ సలహా తిరగబడుతుంది. పల్లంలోని బంకమట్టి టైరుకు అంటుకుని బ్రేకుల దగ్గర ముద్దకడుతుంది, నీరు ఇంకిన ఇసుక మెరకే నయమవుతుంది.

సత్తువ ఒక్కటే అయితే ఈ వ్యాసం ఇక్కడితో సరిపోయేది. అసలు చిక్కు బ్యాలెన్స్‌తో వస్తుంది. నడుస్తున్న సైకిలు ఎందుకు పడిపోదన్న ప్రశ్న మీద వందేళ్ళకు పైగా వాదం నడిచింది. 2007లో రూయినా, ష్వాబ్, పాపడోపౌలోస్, మైయార్డ్ అనే నలుగురు పరిశోధకులు రాయల్ సొసైటీ పత్రికలో ఆ సమీకరణాలను సరిచూసి ప్రచురించారు. వాళ్ళు నమూనాగా తీసుకున్న సైకిలు సెకనుకు 4.3 నుంచి 6 మీటర్ల మధ్య వేగంలో, అంటే గంటకు సుమారు పదిహేనున్నర నుంచి ఇరవై ఒకటిన్నర కిలోమీటర్ల మధ్య, పైన కూర్చున్న మనిషి ఏమీ చేయకపోయినా తనంతట తానే నిలబడుతుంది. అంతకన్నా నెమ్మదిగా వెళితే హ్యాండిల్‌ను మనిషే అటూ ఇటూ సర్దుతూ నిలబెట్టాలి, వేగం తగ్గిన కొద్దీ ఆ సర్దుబాటు పెద్దదవుతుంది. గట్టి రోడ్డు మీద మన మొదటివారి పదహారున్నర కిలోమీటర్ల వేగం ఆ సుఖమైన హద్దులోకి వస్తుంది. ఇసుకలో ఐదున్నర దగ్గర ఆ సాయం పూర్తిగా పోతుంది, పైగా ముందు చక్రం తాను తవ్వుకున్న గాడిలో ఇరుక్కుని, సర్దుబాటు చేయనివ్వకుండా హ్యాండిల్‌ను పట్టేస్తుంది. అనుభవం లేనివారు భయంతో చూపు చక్రం మీద పెడతారు, హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటారు, బరువు ముందుకు వేస్తారు. మూడూ తప్పే. బరువు వెనక్కి జరిపి, చేతులు వదులుగా ఉంచి, చూపు దూరంగా పెట్టి, తేలిక గేరులో ఆపకుండా తొక్కాలి. ఒకరికి ఇది కండరాల్లో ఇంకిపోయి ఉంటుంది, మరొకరు ప్రతి అడుగూ ఆలోచించి చేయాలి. ఆ విధంగా ఇసుక బలహీనుణ్ణి రెండుసార్లు శిక్షిస్తుంది, ఒకసారి కాళ్ళలో, ఇంకోసారి చేతుల్లో.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నేర్పూ సత్తువా ఒక్కరి దగ్గరే ఉండాలని ఏమీ లేదు. శరీరం నేర్చుకున్న బ్యాలెన్స్ ఏళ్ళు గడిచినా పోదు, ఊపిరీ కండా మాత్రం కొన్ని నెలల్లోనే తగ్గిపోతాయి. కోనసీమలో ఒకప్పుడు కాలువగట్ల మీద సైకిలు తొక్కి హైస్కూలుకు వెళ్ళిన ఆడపిల్లలు ఎందరో. పెళ్ళయ్యాక సైకిలు వదిలేసినా ఆ నేర్పు వాళ్ళలో ఉంటుంది. రోజూ జిమ్‌కు వెళ్ళే మగవాడికి సన్నటి గట్టు మీద చేతులు వణకవచ్చు. సగటున మగవారి కాళ్ళ సత్తువ ఎక్కువన్నది నిజమే గానీ, సగటు చూసి ఫలానా ఇంట్లో ఎవరు బలహీనులో తేల్చకూడదు. దారి ఎంచుకునే ముందు ఇద్దరూ తేల్చుకోవలసింది తేడా సత్తువలోనా, నేర్పులోనా అన్నది. సత్తువలో తేడా ఉంటే ఇసుకను తగ్గించాలి. నేర్పులో తేడా ఉంటే దారి వెడల్పు చూసుకోవాలి, ఎందుకంటే నెమ్మదిగా పోయే సైకిలే ఎక్కువ ఊగుతుంది. నెమ్మదిగా పోతారు కదా, సన్నదారి చాలనుకోవడం ప్రమాదం. ఒక పక్క నిండు కాలువ, పిట్టగోడ లేని గట్టు, ఎదురుగా ఆటో, అలాంటి చోట కొత్తవారిని తీసుకెళ్ళకూడదు. తప్పనిసరైతే నేర్పు తక్కువున్నవారు నీటికి దూరంగా ఉండే వైపున వెళ్ళాలి.

ఇప్పుడు గాలి సంగతి. పైన గాలి తేడాను కుదిస్తుందన్నాను గానీ ఎదురుగాలిలో బలహీనుడి అవస్థ చూసినవారు ఒప్పుకోరు. వారి అభ్యంతరం న్యాయమైనదే. గంటకు పదిహేను కిలోమీటర్ల ఎదురుగాలిలో 60 వాట్లవారు పది కిలోమీటర్ల వేగానికి పడిపోతారు, 90 వాట్లవారు పన్నెండు, పదమూడు మధ్య నిలుస్తారు. తేడా కాస్త పెరిగింది. కానీ గాలికి, ఇసుకకూ కొండకూ లేని ఒక గుణం ఉంది. దాన్ని ఒకరి కోసం మరొకరు మోయవచ్చు. ముందు వెళ్ళేవారి వెనక, ఒక సైకిలు పొడవు లోపు దూరంలో తొక్కేవారికి గాలి నిరోధం సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఆ లెక్కతో వెనకున్న 60 వాట్లవారి వేగం పది నుంచి దాదాపు పన్నెండుకు పెరుగుతుంది, ముందున్న 90 వాట్లవారికి దాదాపు పక్కకు వచ్చేస్తారు. ఇసుకలో ముందు వెళ్ళినవారు వెనకవారికి ఏ సాయమూ చేయలేరు, పైగా గాడి తవ్వి పెడతారు. కొండ మీదా అంతే. అసమాన జంటకు నేను ఎదురుగాలి ఉన్న గట్టి రోడ్డునే ఇష్టపడతాను, గాలి లేని ఇసుక బాట కన్నా. అయితే అంత దగ్గరగా తొక్కాలంటే ముందువారు చెప్పకుండా బ్రేకు వేయకూడదు, వెనకవారికి బ్రేకు మీద అదుపుండాలి, దారి విశాలంగా ఉండాలి. సన్నటి గట్టు మీద ఈ పద్ధతి వద్దు.

కోనసీమ గాలి అర్థం చేసుకుంటే సగం శ్రమ తప్పుతుంది. ఎండాకాలంలో పగలు నేల వేడెక్కి, పొద్దెక్కిన కొద్దీ సముద్రం మీంచి గాలి లోపలికి వీస్తుంది. తెల్లవారుజామున గాలి దాదాపు ఉండదు, ఉన్నా నేల మీంచి సముద్రం వైపు మెల్లగా కదులుతుంది. అమలాపురం నుంచి ఓడలరేవు వైపు గానీ, రాజోలు నుంచి అంతర్వేది వైపు గానీ చీకటితో బయలుదేరితే వెళ్ళేటప్పుడు ఎదురుగాలి ఉండదు, తిరిగి వచ్చేటప్పుడు సముద్రపు గాలి వీపున ఉంటుంది. పదిహేను కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తుంటే, గాలి లేనప్పుడు పన్నెండు కిలోమీటర్ల వేగానికి సరిపోయే శ్రమతోనే పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్ళవచ్చు. అలసిన కాళ్ళకు అది చిన్న సాయం కాదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడమటి, నైరుతి గాలులది పైచేయి, శీతాకాలంలో ఈశాన్యం గాలి. ఆ నెలల్లో నియమం సులువే: మొదట గాలికి ఎదురు వెళ్ళి, గాలితో తిరిగి రావాలి. కొబ్బరి తోటలు గాలిని ఆపుతాయనుకుంటాం గానీ, కింద అరటో కోకోనో ఉన్న తోటే బాగా ఆపుతుంది. మొదళ్ళు ఖాళీగా ఉన్న తోటలో గాలి కింద నుంచి దూరిపోతుంది. వరిచేల మధ్య రోడ్డుకు ఏ అడ్డూ లేదు.

ఎడారి నుంచి మనం నేర్చుకోవలసిన గొప్ప విషయం నేల గురించి కాదు, దారుల అల్లిక గురించి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోయాబ్ అనే ఊరి దగ్గర స్లిక్‌రాక్ అనే దారి ఉంది. ఒకనాటి ఇసుక దిబ్బలు గట్టిపడి ఏర్పడిన రాతి మీద సాగే సుమారు 16 కిలోమీటర్ల చుట్టు అది, ప్రపంచంలోని కొండ సైకిలు దారుల్లో పేరు మోసినది, కష్టమైనది. దాని మొదట్లోనే సుమారు మూడున్నర కిలోమీటర్ల అభ్యాస చుట్టు ఒకటి పెట్టారు. అది తొక్కి చూసి, చేతకాకపోతే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయవచ్చు. అరిజోనాలో తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడిన ఫీనిక్స్ నగరానికి దగ్గరున్న మెక్‌డోవెల్ కొండల పార్కులో ఒకే చోట మొదలై అక్కడికే వచ్చే మూడు వేర్వేరు చుట్లున్నాయి, ఒక్కోటి ఒక్కో స్థాయికి. నేర్పున్నవారు కష్టమైన చుట్టు తొక్కి వచ్చేలోపు మరొకరు తేలికైన చుట్టు పూర్తిచేయవచ్చు, ఇద్దరూ ఒకే చెట్టు దగ్గరికి చేరతారు. ఒక్క పొడవాటి దారి మీద మధ్యలో ఎవరైనా అలసిపోతే ముందుకూ వెనక్కూ అంతే దూరం మిగులుతుంది. చుట్ల అల్లికలో ప్రతి కూడలీ ఇంటికి ఒక దారే.

అలాంటి అల్లిక కోనసీమకు నూట డెబ్భై ఏళ్ళ కిందటే దొరికింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆర్థర్ కాటన్ పథకం డెల్టా అంతటా కాలువలు విస్తరించింది. మధ్య డెల్టా ప్రధాన కాలువ ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకుల దగ్గర చీలి అమలాపురం కాలువ, గన్నవరం కాలువ మొదలైనవిగా కోనసీమలోకి దిగుతుంది. ఇవి సాగుకే కాక పడవ ప్రయాణానికి కూడా తవ్వినవి, లాకులు అందుకే. నీరు నెమ్మదిగా దిగాలి గనుక కాలువ వాలు కంటికి కనిపించనంత తక్కువ, గట్టు వాలూ అంతే. పొలాలకు నీరు దానంతట అది పారాలి గనుక కాలువను పల్లంలో కాక మెరక వెంట నడిపించారు, గట్టు పొలం కన్నా ఎత్తున ఉండి వాన తర్వాత త్వరగా ఆరుతుంది. ఊరూరికీ ఒక వంతెనో కల్వర్టో ఉంటుంది, అవతలి గట్టు మీదికి దాటి వెనక్కి రావచ్చు. ప్రతి వంతెనా ఒక చిన్న చుట్టు పూర్తిచేసే అవకాశమే. సైకిలు జంట కోసం ప్రత్యేకంగా ఎవరైనా గీసినా ఇంతకన్నా మంచి పటం గీయలేరు.

ఏటిగట్టుది దీనికి ఎదురు గుణం. వసిష్ఠ గట్టు మీద సాగుతుంటే ఒక పక్క ఊళ్ళలోకి దిగే దారులుంటాయి, రెండో పక్క నది. అవతలికి వెళ్ళాలంటే దిండి దగ్గర చించినాడ వంతెన, సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు వంటివే గతి. గౌతమి మీద కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల మధ్య పడవ కూడా అంతే. పంటు మీద సైకిలుతో ఏరు దాటడం చక్కని అనుభవమే, కాదనను. కానీ తిరుగు ప్రయాణం చివరి పంటు మీద ఆధారపడితే, వెనకబడినవారు గడియారంతో పోటీపడవలసి వస్తుంది. అలసటలో తొందర తోడైతేనే పడిపోవడాలు జరుగుతాయి. ఏరు దాటే ప్రయాణమైతే దాటడం ఉదయమే అయిపోవాలి. లంకల్లోకి వెళ్ళే ఏటి ఇసుక బాటలైతే ఎండాకాలానివే, వరద నెలల్లో ఆ దారులే ఉండవు.

కాలువగట్టు ఎప్పుడూ మంచిదేనా? కాదు. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసినప్పుడు ఆ మట్టిని గట్టు మీదే పోస్తారు, అది గట్టిపడే వరకు పూడిక దారి ఇసుకకు తీసిపోదు. సార్వా కోతల తర్వాతా దాళ్వా కోతల తర్వాతా ఆరబోసిన ధాన్యంతో రోడ్డు సగమవుతుంది, రైతు ధాన్యం మీద చక్రం పోనివ్వడం మర్యాద కూడా కాదు. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం పోయే రోడ్డు, రాజోలు మీదుగా పోయే 216 జాతీయ రహదారి నున్నగా ఉంటాయి గానీ లారీల మధ్య ఇద్దరూ పక్కపక్కన వెళ్ళలేరు, మాట వినపడదు. నున్నటి నేల ఒక్కటే చాలదు.

బలవంతుడికి ఇందులో ఏం మిగిలిందన్నది నేను ఎక్కువగా పట్టించుకునే ప్రశ్న. నేర్పరి ఒకరు ఏళ్ళ తరబడి సంపాదించుకున్న సత్తువను అణచుకుని నత్తనడక నడవాలంటే కొన్నాళ్ళకు విసుగొస్తుంది, ఆ విసుగు ముఖంలో కనిపిస్తుంది, రెండోవారు సైకిలే మానేస్తారు. అందుకే చుట్ల అల్లిక కావాలి. ఒకరు లాకుల దగ్గర గట్టు మీద కూర్చుని ఆత్రేయపురం పూతరేకు తింటుంటే, మరొకరు వేగంగా అవతలి గట్టు చుట్టి రావచ్చు. ఎదురుగాలిలో ముందుండి గాలి మోయడం, నీళ్ళూ పంపూ పంక్చర్ సామానూ అన్నీ తన సైకిలుకే కట్టుకోవడం కూడా తేడాను సర్దే పనులే. సమాన వేగం సమాన శ్రమ కాదని మాత్రం ఆ బలవంతుడు గుర్తుంచుకోవాలి. 80 వాట్లు ఒకరికి సగం సత్తువ అయితే మరొకరికి ఆఖరి బొట్టు కావచ్చు. వెనకవారు పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలుగుతున్నారా అన్నదే వైద్యులు కూడా వాడే తేలికైన పరీక్ష. మాట ముక్కలైతే వేగం ఎక్కువైనట్టే.

కష్టపడకుండా ఎలా నేర్చుకుంటారని అడిగేవారూ ఉన్నారు. కష్టం వద్దని నేను అనడం లేదు, అది ఎప్పుడు, ఎంత అన్నదే నా వాదన. ఇసుక నేర్చుకోవాలంటే ప్రయాణం మొదట్లో, కాళ్ళు తాజాగా ఉన్నప్పుడు, కాసేపు, పక్కనే గట్టి రోడ్డు ఉన్నచోట నేర్చుకోవాలి. సముద్రపు ఒడ్డు అందుకు మంచి బడి. ఎండు ఇసుకలో రేణువులు దేనికవి జారిపోతాయి, కొద్దిగా తడిసినప్పుడు వాటి మధ్య నీరు సన్నని వారధులు కట్టి బిగిస్తుంది, నీరు మరీ ఎక్కువైతే ఆ బిగువు మళ్ళీ పోతుంది. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్తలు తగుపాటి తడి ఇసుక మీద బరువు లాగడానికి ఎండు ఇసుక మీద కన్నా దాదాపు సగం బలమే చాలని కొలిచి చూపారు. ఈజిప్టు సమాధి గోడ మీది ఒక పాత బొమ్మలో బండరాతి విగ్రహాన్ని లాగుతుండగా ముందు ఒకడు నీళ్ళు ఎందుకు పోస్తున్నాడన్నదానికి ఇది ఒక వివరణ. సైకిలుకూ అంతే, పోటు తగ్గేటప్పుడు కెరటం వదిలి వెళ్ళిన పట్టీ గట్టిగా ఉంటుంది, దానికి పైన ఎండు ఇసుక దిగబడుతుంది. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి ఆ వేళను జాలరులను అడిగి తెలుసుకోవాలి. అంతర్వేదిలో వసిష్ఠ సముద్రంలో కలిసే చోట మాత్రం నీటి అంచుకు పోకూడదు, అక్కడ నేలా నీరూ రెండూ నమ్మదగినవి కావు. ఇంటికొచ్చాక చైనును మంచినీళ్ళతో కడిగి నూనె వేయకపోతే ఉప్పు తినేస్తుంది.

సామాను మారిస్తే సరిపోదా అంటే, కొంతవరకు సరిపోతుంది. టైరులో గాలి తగ్గిస్తే నేలకు ఆనే వైశాల్యం పెరుగుతుంది. వెనక చక్రం మీద 50 కిలోల బరువుంటే, చదరపు అంగుళానికి 60 పౌండ్ల గాలితో నేలకు ఆనేది పన్నెండు చదరపు సెంటీమీటర్లు, 20 పౌండ్లతో ముప్పై ఆరు. దిగబడటం అంత తగ్గుతుంది. కాకపోతే మామూలు సన్న టైరులో అంత గాలి తీస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నొక్కుకుని పంక్చరవుతుంది, వెడల్పు టైరుకే అది చెల్లుతుంది. గట్టి రోడ్డు ఎక్కగానే మళ్ళీ గాలి కొట్టుకోవాలి, పంపు వెంట ఉండాలి. బ్యాటరీ సైకిలు సత్తువ తేడాను దాదాపు తుడిచేస్తుంది. మన దేశంలో 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ 250 వాట్లు మన ఇద్దరి సత్తువ కలిపినదాని కన్నా ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవారికి అది వరమే. కానీ అది చేతులకు నేర్పు ఇవ్వదు, ఇరవై కిలోలు దాటే ఆ సైకిలు ఇసుకలో పడితే లేపడమూ, పడవలోకి ఎత్తడమూ ఆ బలహీనులకే మరింత కష్టం. సైకిలు మార్చినా దారి ఎంచుకోక తప్పదు.

వేడి గురించి ఒక్కమాట. తొక్కేటప్పుడు కండరం ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతో అంతకన్నా తక్కువో పెడలుకు చేరుతుంది, మిగతాది ఒంట్లో వేడిగా మిగులుతుంది. ఎడారిలో చెమట ఆరిపోతూ ఒంటిని చల్లబరుస్తుంది, ఎంత పోయిందో తెలియదు. కోనసీమ ఉక్కలో చెమట కారుతుందే గానీ ఆరదు, కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. నీడ ఉంది కదా అని పదకొండు గంటల దాకా సాగదీయవద్దు. కొబ్బరి బోండం తాగండి, కానీ దానిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. ఉప్పు వేసిన మజ్జిగ వెంట ఉంచుకోండి.

మొదటిసారి కలిసి బయలుదేరే జంటకు నా సలహా ఇది. డిసెంబరు, జనవరి నెలల్లో, ధాన్యం రోడ్ల మీంచి ఇళ్ళకు చేరాక, లొల్ల లాకుల దగ్గర మొదలుపెట్టి ఒక గట్టున దిగి, మూడో నాలుగో వంతెన దగ్గర దాటి, రెండో గట్టున తిరిగి రండి. ఓపిక మిగిలితే మరో వంతెన ముందుకు వెళ్ళండి, లేకపోతే ఒకటి వెనక్కి. అంతర్వేది ఇసుక రెండో నెలకు అట్టిపెట్టుకోండి. ప్రభుత్వాన్ని కోరవలసింది కూడా ఒకటుంది. ప్రతి వంతెన దగ్గర ఒక చిన్న రేకు మీద మూడు సంగతులు రాసి పెట్టాలి: ముందున్న గట్టు వెడల్పు ఎంత, నేల తారా గ్రావెలా మట్టా, తర్వాతి వంతెన ఎంత దూరం. సైకిలు మీద బడికి పోయే పిల్లలకూ పాలు పోసేవారికీ కూడా అవి పనికొస్తాయి. జలవనరుల శాఖా పర్యాటక శాఖా కలిసి వచ్చే శీతాకాలానికి కనీసం లొల్ల నుంచి అమలాపురం వరకైనా ఆ రేకులు నిలబెట్టాలి.